మందలో మూతివాపు: పక్క మంద తెచ్చిందా, సన్న దోమ తెచ్చిందా?

కురుమబిడ్డ, నాగర్‌కర్నూలు జిల్లా
అక్టోబరు 21, ఉదయం 6:10

వేదికలోని పెద్దలందరికీ నమస్కారం. నాన్న, నేను కలిసి 110 జీవాలను మేపుకుంటున్నాము. వాటిలో 80 మా మందలోనే పుట్టి పెరిగిన నల్లగొర్రెలు. మిగిలిన 30 శ్రావణంలో అంగడిలో కొన్న నెల్లూరు జోడిపి జాతివి. చిత్త కార్తెలో వాన ఎడతెరిపి ఇవ్వలేదు. గత సోమవారం పొద్దున మందను విప్పుతుంటే ఒక జోడిపి గొర్రె లేవలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే మూతి, పెదవులు ఉబ్బి ఉన్నాయి, దవడ కింద నీరు దిగి వేలాడుతోంది, ముక్కు చీమిడి పక్కుకట్టి రంధ్రాలు మూసుకుపోవడంతో నోరు తెరిచి గాలి పీలుస్తోంది. చెవి పట్టుకుంటే పొయ్యి మీది పెంకులా కాలింది. శుక్రవారానికి 14 పడ్డాయి, రెండు చనిపోయాయి. పడిన 14లో 11 కొన్నవే.

నేను అడగదలచిన సంగతి వేరే ఉంది. ఆ సోమవారానికి ముందటి గురువారం ఒక వలస మంద మా చెరువు శిఖంలో దిగింది. వాళ్ల జీవాలలోనూ ఇప్పుడు మూడింటికి మూతి వాచింది. రోగాన్ని తెచ్చింది ఆ మందేనని ఊరంతా నిశ్చయించుకున్నారు, మా నాన్న కూడా అదే మాట అంటున్నారు. నిన్న చెరువు దారికి ముళ్లకంప అడ్డం వేశారు. ఆ కాపరి తన జీవాలకు నీళ్లు పెట్టుకోలేక రోడ్డు పక్కన కూర్చుని ఉంటే చూడలేకపోయాను. ఈ రోగం ఒక గొర్రెను మరొక గొర్రె ఆనుకుంటే సోకుతుందా? ఆ మందను వెళ్లగొడితే మా మంద బతుకుతుందా? దయచేసి తెలిసినవారు చెప్పండి.


పశువైద్యుడు, పాలమూరు
అక్టోబరు 21, ఉదయం 8:45

మీరు రాసిన లక్షణాలు నీలినాలుక వ్యాధిని బలంగా సూచిస్తున్నాయి. మన కాపరులు దీనినే మూతివాపు రోగం అంటారు, నా దృష్టిలో ఆ పేరే సరైనది, ఎందుకంటే నాలుక నిజంగా నీలిరంగుకు తిరగడం మన జీవాలలో అరుదుగానే కనిపిస్తుంది. అయినా రక్తపరీక్ష లేకుండా నిర్ధారించడం తగదు. జ్వరం ఉన్న నాలుగైదు జీవాల రక్తాన్ని గడ్డకట్టని సీసాలలో తీయించి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపించమని మీ డాక్టరు గారిని కోరండి. ఈలోగా రెండు సంగతులు చూడండి. గిట్టకూ చర్మానికీ మధ్య ఉన్న అంచు ఎర్రబడి, తాకితే గొర్రె కాలు లాగేసుకుంటోందా? విరేచనాలు, దగ్గు ఎక్కువగా ఉండి మేకలు కూడా పడుతున్నాయా? మొదటిది ఉంటే మూతివాపు అనుకోవచ్చు. రెండవది ఉంటే పారుడు రోగం కావచ్చు, అది మాత్రం ఒకదాని నుంచి మరొకదానికి నేరుగా అంటుకుంటుంది.

మూతివాపు అలా అంటుకోదు. జబ్బు గొర్రె పక్కనే మంచి గొర్రె పడుకున్నా, ఒకే తొట్టిలో నీళ్లు తాగినా వైరస్ దాటిపోదు. మధ్యలో ఒక దోమ ఉండాలి. మనం మామూలుగా చూసే దోమ కాదది. క్యూలికాయిడిస్ అనే, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉండే సన్నటి కుట్టే కీటకం. జబ్బు గొర్రె రక్తం తాగగానే అది రోగాన్ని పంచలేదు. వైరస్ ముందు దాని పేగు గోడలో పెరగాలి, అక్కడి నుంచి ఒళ్లంతా పాకి లాలాజల గ్రంథులకు చేరాలి. మన అక్టోబరు వాతావరణంలో అందుకు వారం నుంచి పది రోజులు పడుతుంది. ఆ తరువాత అది కుట్టిన గొర్రెలో జ్వరం కనిపించడానికి మరో నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. వలస మంద గురువారం దిగింది, మీ గొర్రె సోమవారం పడింది. మధ్యలో ఉన్నవి నాలుగు రోజులు. వాళ్ల గొర్రెలో వైరస్ ఉందనే అనుకున్నా, అది దోమలో ముదిరి, మీ గొర్రెకు చేరి, మూతి వాచేలా చేయడానికి దాదాపు రెండు వారాలు కావాలి. కాబట్టి మీ మందలో మొదట పడిన జీవాలకు ఆ మంద కారణం కాలేదు. మీ గొర్రెలను కుట్టిన దోమలు ఆ మంద రాకముందే మీ చెరువు గట్టున ఉన్నాయి.


గొంగడి తాత, వనపర్తి జిల్లా
అక్టోబరు 21, మధ్యాహ్నం 1:30

డాక్టరు గారికి దండాలు. యాభై ఏండ్లుగా గొర్రెల వెంట తిరిగినవాడిని, నా మనవడితో ఇది రాయిస్తున్నాను. మీరు చెప్పిన లెక్క బాగానే ఉంది గాని, నాకు ఒక సంగతి కొరుకుడు పడదు. దోమ అందరినీ కుడుతుంది కదా. అలాంటప్పుడు ఒకే దొడ్డిలో పడుకున్న జీవాలలో ఒకటి పడి పక్కది నిక్షేపంగా ఎందుకుంటుంది? రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్న నా తమ్ముడి మందకు ఏమీ కాకుండా నా మందే ఎందుకు పడింది? ఒక సంవత్సరం వానలు పడినా రోగం రాదు, మరో సంవత్సరం ఊళ్లకు ఊళ్లు పడతాయి. 1997, 98లో మా వైపు వచ్చినప్పుడు గుంతలు తవ్వే మనిషి దొరకలేదు. అప్పుడూ ఇప్పుడూ దోమలు ఉన్నవే కదా?

వేపాకు పొగ సంగతి కూడా చెప్పండి. మేము తరతరాలుగా వేస్తున్నాము. పొగ వేయవద్దని ఈమధ్య ఒక కుర్ర డాక్టరు అన్నాడు.


సూక్ష్మదర్శిని, హైదరాబాదు
అక్టోబరు 21, రాత్రి 9:05

తాత గారు అడిగినవి ఈ చర్చకు ప్రాణం లాంటి ప్రశ్నలు. నేను కీటకాల అధ్యయనంలో పనిచేస్తాను. ఈ సన్న దోమలను చాలామంది చూసి ఉండరు కనుక ముందు వాటిని దగ్గరగా చూపించాలని ఉంది.

సాయంత్రం పశువుల కొట్టం పక్కన ఒక దీపపు బోను కట్టి, కింద చిన్న పంకా, దాని కింద నీళ్ల సీసా పెడతాము. తెల్లారి సీసా తీస్తే అడుగున నల్లటి నూక పేరుకున్నట్టు ఉంటుంది. దాన్ని తెల్లటి పళ్లెంలో పోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కొక్క నలుసుకూ రెక్కలు కనిపిస్తాయి, ఆ రెక్కల మీద బూడిద రంగులో తెల్లటి మచ్చలు ఉంటాయి. మచ్చల అమరికను బట్టే జాతిని గుర్తిస్తాము. మన ప్రాంతంలో ఎక్కువగా దొరికేవి ఆక్సిస్టోమా, పెరెగ్రినస్ అనే జాతులు. కుట్టేది ఆడదే, గుడ్లకు దానికి రక్తం కావాలి. కొన్నింటి పొట్ట గోడ పాలిపోయి ఉంటుంది, మరికొన్నింటికి నల్లద్రాక్ష రసం పూసినట్టు ముదురు ఎరుపు ఉంటుంది. ఆ రంగు ఉన్నది అప్పటికే ఒకసారి రక్తం తాగి, గుడ్లు పెట్టి, మళ్లీ రక్తానికి వచ్చిన దోమ. వైరస్‌ను మోయగలిగేది ఆ రెండో రాకకు, మూడో రాకకు బతికి ఉన్నదే. పళ్లెంలో ఆ రంగు పొట్టలు ఎక్కువగా కనిపిస్తే మా అందరికీ మనసులో ఆందోళన మొదలవుతుంది.

తాత గారి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఈ దోమలలో చాలావరకు వైరస్ ముదిరే లోపే చనిపోతాయి. జబ్బు జీవి రక్తం తాగినవాటిలోనూ కొన్నింటిలోనే వైరస్ పేగు గోడ దాటగలదు. అంటే వేలల్లో ఏ కొద్ది దోమలో రోగాన్ని మోస్తాయి. కానీ అలాంటి దోమ కుడితే ఒక్క కాటు చాలు. అందువల్ల దోమలు ఉండటమొక్కటే రోగానికి సరిపోదు, ముసలి దోమలు పెద్ద సంఖ్యలో బతకాలి. తడి, వెచ్చదనం, గాలి లేని రాత్రులు వరుసగా కొన్ని వారాలు కుదిరిన సంవత్సరమే అలా జరుగుతుంది. రెండు ఫర్లాంగుల తేడాకు కారణం కూడా నేలే. చెరువు అంచున పశువులు తొక్కిన బురద, పేడ కలిసిన చెమ్మ, తూము కింద ఎప్పుడూ ఆరని మట్టి వీటి పుట్టిళ్లు. లోతైన నీటిలో ఇవి పుట్టవు. బురదకు నూరు గజాలలో పడుకున్న మందకూ, గాలి తగిలే మిట్ట మీద పడుకున్న మందకూ రాత్రంతా పడే కాట్ల సంఖ్యలో చాలా తేడా ఉంటుంది.

పొగ విషయంలో ఆ కుర్ర డాక్టరును నేను పూర్తిగా సమర్థించను. పొగ తగిలినంత మేర దోమ దూరంగానే ఉంటుంది. అయితే ఇవి సందె నుంచి వేకువ దాకా కుడతాయి, మన పొగ రెండు గంటల్లో ఆరిపోతుంది. పైగా ముక్కు మూసుకుపోయిన జబ్బు గొర్రెకు పొగ నరకం. మంచి జీవాల వైపు, గాలి వాలు చూసి, పల్చగా వేస్తే తప్పులేదు, కానీ దాని మీదే భరోసా పెట్టుకుని బురద పక్కన పడుకోబెట్టవద్దు.


పశువైద్యుడు, పాలమూరు
అక్టోబరు 21, రాత్రి 10:20

తాత గారి మొదటి ప్రశ్నకు ఇంకొక భాగం ఉంది. ఈ వైరస్ ఒక్కటి కాదు. మొదట గుర్తించినవి 24 రకాలు, ఇప్పుడు ప్రపంచంలో ఆ సంఖ్య ఇంకా పెరిగింది, మన దేశంలోనే ఇరవైకి పైగా రకాల ఆనవాళ్లు దొరికాయి. ఒక రకంతో జబ్బుపడి కోలుకున్న గొర్రె ఆ రకాన్ని మళ్లీ తట్టుకుంటుంది, వేరే రకానికి మాత్రం లొంగిపోవచ్చు. మీ దొడ్డిలో నిక్షేపంగా ఉన్న గొర్రె బహుశా రెండేళ్ల కిందట మీకు తెలియకుండానే ఆ రకాన్ని చూసి ఉంటుంది.

కురుమబిడ్డ గారి మందలో కొన్న జోడిపి గొర్రెలే ఎక్కువగా పడటాన్ని నేను ఇలాగే అర్థం చేసుకుంటున్నాను. వేరే జిల్లాలో పెరిగిన జీవాలు మీ ఊరి దోమలు మోసే రకాన్ని ఎన్నడూ చూసి ఉండవు. 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున బయటి రాష్ట్రాల జీవాలు మన ఊళ్లకు వచ్చినప్పుడు నేను తిరిగిన మందలలోనూ ఇదే చూశాను. తోలుకొచ్చిన గొర్రెకు ప్రయాణపు బడలిక, మారిన మేత, తెలియని వైరస్, మూడూ ఒకేసారి ఎదురవుతాయి. 2019 పశుగణన ప్రకారం 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో, దాదాపు 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. ఇన్ని జీవాలు ఇంతగా తిరిగే చోట మందను కొన్న రోజునే టీకా గురించి కూడా ఆలోచించాలి.


పెన్నాతీరం, నెల్లూరు జిల్లా
అక్టోబరు 22, ఉదయం 7:00

మా వైపు ఈశాన్య రుతుపవనాల వాన మొదలయ్యాక, అంటే అక్టోబరు చివర నుంచి డిసెంబరు దాకా, ఈ రోగానికి ఎదురుచూస్తూ కూర్చున్నట్టే ఉంటుంది. నాకు రెండు అనుమానాలున్నాయి. మా దొడ్డి పక్కనే ఎనిమిది గేదెలు, నాలుగు ఆవులు ఉంటాయి. ఏటా గొర్రెలు పడతాయి గాని వాటికి ఏమీ కాదు. అవి పక్కన ఉండటం మంచిదా, చెడ్డదా? దోమలు పెద్ద పశువు మీదికి పోతే గొర్రెలు బతుకుతాయని మా మామయ్య అంటాడు. రెండవది, జబ్బు పడిన జీవాన్ని కోసి అమ్మితే తిన్నవాళ్లకు ఏమైనా అవుతుందా?


పశువైద్యుడు, పాలమూరు
అక్టోబరు 22, ఉదయం 9:15

రెండవదానికి ముందు చెబుతాను. ఈ వైరస్ మనిషికి సోకదు, మాంసం ద్వారా గానీ పాల ద్వారా గానీ రాదు. అయితే తీవ్రమైన జ్వరంలో ఉన్న, పుండ్లు పడిన, మందులు పడుతున్న జీవాన్ని కోసి అమ్మడం వేరే కారణాల వల్ల తప్పు. ఒంట్లో మందు ఉండగా కోయకూడదన్న గడువు ప్రతి మందుకూ ఉంటుంది.

మొదటి ప్రశ్నలో మీ మామయ్య సగం నిజం చెప్పారు. ఈ దోమలకు గొర్రె కంటే ఆవు, గేదె అంటేనే మక్కువ. కానీ ఆవులో, గేదెలో వైరస్ చేరితే పైకి ఏమీ కనిపించదు. అది ఎర్ర రక్తకణాలను అంటిపెట్టుకుని వారాల తరబడి, కొన్నిసార్లు రెండు నెలల దాకా రక్తంలో ఉండగలదు. గొర్రె పడిపోయి మనకు తెలియజేస్తుంది, ఆవు నెమరు వేస్తూ రోజూ కొత్త దోమలకు వైరస్ అందిస్తూ ఉంటుంది. కాబట్టి పెద్ద పశువులు దోమలను తమ వైపు లాగినా, వాటికి ఆనుకుని గొర్రెలను పడుకోబెడితే నష్టమే ఎక్కువ. పశువుల కొట్టానికీ గొర్రెల దొడ్డికీ మధ్య వీలైనంత ఎడం ఉంచండి. పేడదిబ్బను ఆ రెంటి మధ్య అసలు ఉంచకండి.

వానలు లేని నెలల్లో వైరస్ ఎక్కడ దాక్కుంటుందని చాలామంది అడుగుతారు. మన ప్రాంతంలో చలి దోమలను పూర్తిగా తుడిచిపెట్టేంత ఉండదు, చెరువు కింద తడి ఏడాదంతా ఉండే చోట్లు ఉంటాయి, వాటి పక్కన పెద్ద పశువులు ఉంటాయి. వైరస్‌కు ఆ మాత్రం చాలు.


ఉట్రెక్ట్ నుంచి
అక్టోబరు 22, మధ్యాహ్నం 3:40

నేను ప్రకాశం జిల్లావాడిని, తొమ్మిదేళ్లుగా నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. మా తాత గారికి మంద ఉండేది కనుక ఈ చర్చను చదవకుండా ఉండలేకపోయాను. ఇది ఉష్ణదేశాల రోగమని నేను అనుకునేవాడిని. 2006 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీ సరిహద్దులు కలిసే మాస్ట్రిక్ట్ పరిసరాల్లో ఎనిమిదో రకం వైరస్ బయటపడిందని ఇక్కడి రైతులు చెబుతారు. ఆఫ్రికా నుంచి మధ్యధరా తీరం దాకా రోగాన్ని మోసే ఇమికోలా అనే జాతి దోమ ఇక్కడ లేదు. అందుకే ఇంత ఉత్తరానికి రాదన్న నమ్మకం ఉండేదట. తీరా చూస్తే ఇక్కడి చలికి అలవాటుపడిన స్థానిక జాతులే, ఆవు పేడలో పుట్టేవి కూడా, వైరస్‌ను మోయగలిగాయి. చలికాలం రాగానే రోగం సమసిపోయిందనుకున్నారు. 2007లో అది మరింత విస్తరించి ఇంగ్లండు దాకా వెళ్లింది.

నేను కళ్లారా చూసింది 2023 సెప్టెంబరులో. ఈసారి వచ్చింది మూడో రకం. నా ఇంటి వెనుక పచ్చిక బయలులో నలభై దాకా గొర్రెలు మేసేవి. వాటి యజమానురాలు అరవై దాటిన ఆవిడ. రోజూ సాయంత్రం ఆవిడ ఒక్కొక్క గొర్రె తల ఒడిలో పెట్టుకుని తడిగుడ్డతో ముక్కు పక్కులు తుడిచేది. మా నాయనమ్మ సరిగ్గా అలాగే చేసేదని నాకు గుర్తొచ్చి కంచె దగ్గర నిలబడిపోయాను. అప్పటికి ఐరోపాలో మూడో రకానికి టీకా లేదు, ఎనిమిదో రకం టీకా ఉన్నా పనికిరాలేదు. దేశంలో వేల గొర్రెలు చనిపోయాయి. 2024లో అత్యవసర అనుమతితో కొత్త టీకా వచ్చింది.

నాకు ఒక సందేహం ఉంది. ఇంత చిన్న పురుగు సముద్రాలు దాటి రాగలదని ఇక్కడ అంటారు. అది నిజమేనా?


సూక్ష్మదర్శిని, హైదరాబాదు
అక్టోబరు 22, సాయంత్రం 6:55

నిజమే, కానీ తనంతట తాను రాదు. సొంత రెక్కలతో ఇది మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు తిరుగుతుంది, గాలి కాస్త బలంగా వీస్తే నేల విడిచి ఎగరనే ఎగరదు. కానీ అనుకూలమైన వెచ్చటి గాలి పైకి ఎత్తుకుపోతే ధూళి కొట్టుకుపోయినట్టు సముద్రం మీదుగా వందల కిలోమీటర్లు వెళ్లగలదు. నేల మీద మాత్రం వైరస్ దూరాలు దాటేది ఎక్కువగా లారీలలో ఎక్కించిన జీవాలతోనే.

ఈ బలహీనతే మనకు దొరికిన ఆయుధం. ఈ కీటకం గాలికి ఓర్వలేదు. పాకలో పెద్ద పంకా తిరిగే చోట కాట్లు తగ్గుతాయి. అంతకంటే తేలికైనది గాలి తగిలే గుట్ట మీద మందను నిలపడం. మామూలు దోమతెర కడితే సరిపోతుందనుకోకండి, ఆ కన్నాలలోంచి ఇది దూరిపోతుంది.

చరిత్రలోని ఒక్క మాట కూడా చెబుతాను. దక్షిణాఫ్రికాలో బయటి నుంచి తెచ్చిన మెరీనో గొర్రెలు పడిపోవడం చూసిన రైతులు, కారణం తెలియకపోయినా, వానల కాలంలో రాత్రిపూట మందను పల్లపు నేల నుంచి ఎత్తుకు తోలేవారు. ఈ రోగాన్ని చేరవేసేది క్యూలికాయిడిస్ అని డు టోయిట్ అనే శాస్త్రవేత్త అక్కడే 1944లో రుజువు చేశాడు. కాపరి చేతికి తెలిసిన సంగతి ప్రయోగశాలకు చేరడానికి అంత కాలం పట్టింది.


గొంగడి తాత, వనపర్తి జిల్లా
అక్టోబరు 22, రాత్రి 8:10

ఇప్పుడు నాకు అర్థమైంది. మా నాయన చిత్త, స్వాతి కార్తెలలో మందను గుట్ట మీదికే తోలేవాడు. కింద బురదలో గిట్టలు చెడతాయని అనేవాడు గాని దోమ మాట ఎన్నడూ అనలేదు. తరువాత బోర్లు పడి, చెరువు కింద చేలు పెరిగి, ఎరువు కోసం చేలలో మంద కట్టించుకునేవాళ్లు రాత్రికి ఇంతని ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ డబ్బుకు ఆశపడి మేము గుట్ట ఎక్కడం మానేశాము. కురుమబిడ్డా, నీ మంద ఇప్పుడు ఎక్కడ పడుకుంటోంది బిడ్డా?


కురుమబిడ్డ, నాగర్‌కర్నూలు జిల్లా
అక్టోబరు 22, రాత్రి 9:30

తాతా, మొక్కజొన్న కోసిన చేనులో. ఇరవై రోజులుగా అక్కడే మంద కడుతున్నాము. అది సరిగ్గా తూము కిందనే ఉంది. అడుగు వేస్తే కాలు దిగబడే చెమ్మ. పక్కనే చేను ఆసామి ఎడ్లు, బర్రెలు కట్టేసి ఉంటాయి. మీరందరూ రాసినది చదివాక ఆ చోటును తలుచుకుంటేనే భయమేస్తోంది. వలస మంద వాళ్లు కూడా ఆ పక్క శిఖంలోనే దిగారు, వాళ్ల జీవాలు మూడు పడ్డాయంటే వచ్చాక ఇక్కడే కుట్టించుకున్నాయేమో. నాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. నాలుగు రోజుల లెక్క దగ్గర ఆయన ఆపమన్నారు, వేళ్లు మడుస్తూ రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నారు. తరువాత ఏమీ మాట్లాడకుండా గొంగడి భుజాన వేసుకుని బయటికి వెళ్లారు.

జబ్బు జీవాలకు ఏం పెట్టాలో, టీకా ఇప్పుడు వేయించవచ్చో లేదో చెప్పండి.


పశువైద్యుడు, పాలమూరు
అక్టోబరు 22, రాత్రి 10:40

వైరస్‌ను చంపే మందు లేదు. మనం చేసేదంతా జీవి తన శక్తితో నిలదొక్కుకునే దాకా దాన్ని కాపాడటమే, కానీ ఆ కాపాడటంలోనే చావు బతుకుల తేడా వస్తుంది. జబ్బు జీవాలను నీడలో ఉంచండి, ఎండ తగిలితే వాచిన మూతి చర్మం మరింత చెడుతుంది. లేత గులాబీ రంగు వచ్చేలా పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీళ్లతో నోరు కడిగి, పుండ్లకు బోరోగ్లిజరిన్ పూయండి. జ్వరానికి, నొప్పికి, పుండ్లలో చేరే బాక్టీరియాకు మందులను మీ డాక్టరు గారే బరువును బట్టి నిర్ణయించాలి. రాగి అంబలి, జొన్న గంజి, లేత గడ్డి నోటి దగ్గర పెట్టండి.

ఒక్క విషయంలో మీరు నా మాట తప్పక వినాలి. ఆకలితో చనిపోతుందేమోనని గంజిని సీసాతో గానీ గొట్టంతో గానీ బలవంతంగా పోయకండి. ఈ రోగంలో మింగే కండరాలు దెబ్బతింటాయి, పోసినది ఊపిరితిత్తులలోకి పోతుంది. జ్వరం తగ్గి కోలుకుంటున్న గొర్రె అలా ఊపిరి ఆడక చనిపోవడం నేను చాలాసార్లు చూశాను. ప్రేమతో చేసిన పని వల్లే చనిపోయిందని ఆ ఇంటి ఆడవాళ్లకు చెప్పలేక నేను ఊరుకున్న రోజులు ఉన్నాయి. ఒక గుక్క తనంతట తాను మింగితేనే రెండో గుక్క పెట్టండి.

టీకా సంగతి. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆధ్వర్యంలో మన విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన కృషితో 1, 2, 10, 16, 23 రకాలకు పనిచేసే చంపిన వైరస్ టీకా తయారై 2015లో వాడకానికి వచ్చింది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ దాన్ని తయారు చేస్తుంది. అందులో బతికిన వైరస్ ఉండదు కనుక దోమ ద్వారా మరో జీవానికి పాకే ప్రమాదం లేదు. ఆ అయిదు రకాల్లో లేని వైరస్ వస్తే అది ఆపలేకపోవచ్చు, ఆ మాట దాచడం నాకు ఇష్టం లేదు. అయినా మన ప్రాంతంలో తరచుగా నష్టం చేసే రకాలను చూసే ఆ అయిదింటిని ఎంచారు. రోగం మంద మధ్యలో ఉండగా టీకా వేస్తే నిరోధక శక్తి రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా కుట్టిన దోమ కుట్టనే కుడుతుంది. వేయదలచుకుంటే జ్వరం లేని జీవాలకే వేయించండి, ప్రతి జీవికీ సూది మార్చమని పట్టుబట్టండి. ఒకే సూదితో మందంతా పొడిస్తే దోమ చేసే పనిని మనమే చేసినవాళ్లమవుతాము. వచ్చే ఏడాది మాత్రం తొలకరికి ముందే వేయించండి.


చూడిగొర్రె, మెదక్ జిల్లా
అక్టోబరు 23, ఉదయం 6:30

ఇంతవరకు చదువుతూ ఉన్నాను, ఒక్క మాట చేర్చాలనిపించింది. నిరుడు మా మందలో మూతివాపు తగ్గిపోయింది అనుకున్నాక నెల రోజులకు చూడి గొర్రెలు ఈసుకుపోవడం, అంటే నెలలు నిండకుండానే పిల్లలను పోగొట్టుకోవడం, మొదలైంది. కోలుకున్నవాటికి ఉన్ని చేతికి ఊడి వచ్చింది, రెండింటికి మెడ పక్కకు తిరిగి అలాగే ఉండిపోయింది. చచ్చిన జీవాలనే అందరూ లెక్క పెడతారు. మా ఇంట్లో ఆ సంవత్సరం పిల్లలు లేకపోవడమే అసలు దెబ్బ. మా అత్తమ్మ కుంటుతున్న గొర్రెలను నెలన్నర ఇంటి దగ్గరే కట్టేసి చెట్టు కొమ్మలు కొట్టి మేపింది, వాటిలో ఒక్కటీ పోలేదు. గిట్టలు నొప్పిగా ఉన్నప్పుడు మంద వెంట నడిపించవద్దని కురుమబిడ్డ గారికి చెప్పాలని రాస్తున్నాను.


కురుమబిడ్డ, నాగర్‌కర్నూలు జిల్లా
నవంబరు 9, సాయంత్రం 5:20

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. రక్తపరీక్ష ఫలితం వచ్చింది, మూతివాపే. మొత్తం 23 పడ్డాయి, అయిదు పోయాయి, అందులో నాలుగు జోడిపివి. 24వ తేదీ నుంచి మందను ఊరి వెనుక రాతిగుట్ట మీద నిలుపుతున్నాము. అప్పటికే దోమ కుట్టినవి మరో వారం పది రోజులు పడుతూనే ఉంటాయని డాక్టరు గారు ముందే చెప్పారు కనుక, ఆ మధ్య ఒక్కొక్కటి పడినప్పుడు గుండె జారలేదు. నవంబరు 3 తరువాత కొత్తగా ఒక్కటీ పడలేదు. చేను ఆసామి మంద కట్టే డబ్బు ఆగిపోయింది, అది మాకు చిన్న మొత్తం కాదు. కోత అయిపోయి నేల ఆరాక మళ్లీ వస్తామని నాన్న ఆయనతో మాట్లాడారు.

కంప సంగతి అడుగుతారని తెలుసు. 22 రాత్రి నాన్న గొంగడి వేసుకుని వెళ్లింది అక్కడికే. తానే కంప లాగి పక్కన వేశారట. తెల్లారి ఆ కాపరి జీవాలకు నీళ్లు పెట్టుకుని, తన మందను కూడా మా గుట్ట రెండో వైపు నిలుపుకున్నాడు. ఇప్పుడు రెండు మందలకూ రాత్రి కాపలా ఒకటే. ఆయన పేరు చెప్పను గాని, కుంటి గొర్రెను రెండు భుజాల మీద వేసుకుని గుట్ట ఎక్కించడం నాకు ఆయనే నేర్పాడు. మెదక్ అక్క చెప్పినట్టు మిగిలిన కుంటివాటిని ఇంటి దగ్గరే ఉంచి సుబాబుల్ కొమ్మలు వేస్తున్నాము. చూడివి 30 దాకా ఉన్నాయి, అవి ఎలా ఈనుతాయో మాఘంలో రాస్తాను.